డోలు చప్పుడు, డీజే చప్పుడు

మన పిల్లలు డీజే ముందు ఎందుకు ఎగురుతారో ఆ గుంపులో నిలబడి చూస్తే తెలుస్తుంది. దరువు చెవికన్నా ముందు గుండెకు తగులుతుంది. సిగ్గుపడేవాడూ కాలు కదుపుతాడు. ఆ సంతోషాన్ని తప్పుపట్టే పెద్దలతో నేను ఏకీభవించను. మన డోలు మాత్రం మెత్తగా మోగుతుందా? కొమ్ములు కట్టుకుని ఆడేటప్పుడు పక్క ఊరికి వినపడాలనే కదా కొడతాం!

తేడా వేరే చోట ఉంది. డోలు కొట్టేవాడికి చేతులు నొస్తాయి, కాసేపు ఆపుతాడు. ఆ సందులో రేల పాట లేస్తుంది. ఒక వరుస ఆడవాళ్లు అంటే రెండో వరుస అందుకుంటుంది. డీజే బాక్సుకు అలుపు లేదు, ఎవరి గొంతుకూ సందివ్వదు. భూమి పండుగకు ట్రాక్టర్ మీద బాక్సులు వచ్చాక, పాటలు వచ్చిన అవ్వలు పక్కన కూర్చుని చూడటమే మిగిలింది. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన సమ్మక్క సారలమ్మల కథను నోటికి పాడిన డోలి కళాకారుడు. అక్కడ వాయిద్యం కథను మోస్తుంది, మింగదు.

ఇక చెవి సంగతి, ఇది ఉపాధ్యాయులకు. 85 డెసిబెల్స్ మోత రోజుకు 8 గంటలు మించకూడదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే. లోపలి చెవిలోని సన్నని కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. పండుగ మర్నాడు చెవిలో గుయ్యిమంటోందని చెప్పే పిల్లవాణ్ణి సోమరి అనకండి, ముందు బెంచీలో కూర్చోబెట్టండి. రెండు రోజులైనా తగ్గకపోతే ఆసుపత్రికి పంపండి.