ఇంటివారి కొఱకు వ్రాసిన గ్రంథము
(వెన్నెలకంటి సుబ్బారావు స్వీయచరిత్ర – విమర్శనము)

ఒకడు తన్ను గూర్చి తాను వ్రాసికొన్న గ్రంథమును విమర్శించుటకు ముందు అది యెవరి కొఱకు వ్రాయబడినదో విచారింపవలయును. ప్రభువునకు వినిపింప వ్రాసినది యొక తీరున నుండును. పండితసభ నుద్దేశించినది మఱియొక తీరున నుండును. తన బిడ్డలును బంధువులును తెలిసికొనవలెనని వ్రాసి యింట నుంచిన దానికి ఈ రెంటి లక్షణములును పట్టవు. మన వాఙ్మయచరిత్రకారులు మొదటి రెండు తెగలను శ్రద్ధతో పరిశీలించిరి గాని, మూడవ తెగను గ్రంథముగనే యెన్నలేదు. నెల్లూరు సీమలో పుట్టిన యొక యుద్యోగి రచించి, యాతని కుమారుడు అచ్చొత్తించిన స్వీయచరిత్ర యీ యుపేక్షకు గుఱియైన వానిలో ముఖ్యమైనది.

వెన్నెలకంటి సుబ్బారావు 1784వ సంవత్సరము నవంబరు 28వ తేదీన కందుకూరు ప్రాంతమందలి ఓగూరున జన్మించి, 1839వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన కీర్తిశేషు డయ్యెను. ఆతడు పుట్టిననాడు ఆ సీమ కర్ణాటక నవాబు నేలుబడిలో నుండెను. 1801లో నది తూర్పిండియా కంపెనీ వశమయ్యెను. ఒంగోలు కందుకూరు తాలూకాలు రెండును చిరకాలము నెల్లూరు మండలములోనివే. ఒంగోలు 1904లో గుంటూరు మండలమున చేర్పబడెను. కందుకూరు 1970లో క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాకు పోయి, 2022లో మరల నెల్లూరు జిల్లాను చేరినది. కావున సుబ్బారావును నెల్లూరువా డనుటకును ఒంగోలువా డనుటకును సమానముగ నాధారము కలదు. గ్రంథముఖపత్రమున మాత్ర మాతడు ఒంగోలు వాస్తవ్యుడనియే కలదు.

ఆ ముఖపత్రమే విమర్శకునకు మొదటి సాక్ష్యము. గ్రంథము ఆంగ్లభాషలో 1873లో మదరాసున ముద్రితమైనది. 1815 మొదలు 1829 వఱకు మదరాసు సదరు న్యాయస్థానమున భాషాంతరకర్తగను ద్విభాషిగను ఉన్న సుబ్బారావు జీవితమనియు, ఆతడు స్వయముగ వ్రాసినదనియు, ఆతని కుమారుడు వెంకటగోపాలరావు బంధుమిత్రుల యెఱుక కొఱకు ప్రకటించెననియు నందు కలదు. ఇందు మూడు విషయములు గమనింపదగియున్నవి. ఏబదియైదేండ్ల జీవితమునకు పదునాలుగేండ్ల యుద్యోగము గుర్తుగా నిలిపినారు. గ్రంథకర్త మరణమునకును ముద్రణమునకును నడుమ ముప్పదినాలుగేండ్లు గడచినవి. చదువరులు లోకులు గారు, బంధుమిత్రులు. ఈ నడిమి కాలమున కంపెనీ ప్రభుత్వము 1858లో నంతరించెను. సదరు న్యాయస్థానము 1862లో హైకోర్టున లీనమయ్యెను. తండ్రి కొలువు చేసిన లోకము లేకపోయిన పిమ్మట కుమారు డా కొలువు కథ నచ్చువేయించెను. కీర్తికాంక్షయే కారణమైనచో నింతకాల మాగనక్కఱలేదు. పోయినదానిని మనుమలకు తెలుపవలెనను తలంపు గల గృహస్థుని చేతయే యిది.

ఇట్టి పత్రముల విలువ నన్యదేశములవారు మనకంటె ముందుగ గుర్తించిరి. అమెరికా నౌకాసేనాని శామ్యూల్ ఫ్రాన్సిస్ డూపాంట్ (1803–1865) చరిత్ర యిందులకు నిదర్శనము. ఆ దేశపు అంతర్యుద్ధమున 1863 ఏప్రిల్ 7వ తేదీన నాతడు ఇనుపకవచపు టోడలతో చార్లెస్టను రేవుపై దాడి వెడలి విఫలుడయ్యెను. నౌకామంత్రికిని ఆతనికిని ఘోరమైన వివాదము పుట్టెను. ప్రభుత్వమునకు పంపిన నివేదికలం దాతడు ఉద్యోగధర్మము ననుసరించి మాటలాడెను. భార్యయైన సోఫీకి వ్రాసిన జాబులలో మనసు విప్పెను. ఆ కుటుంబపత్రములు డెలవేరు రాష్ట్రమందలి హాగ్లీ గ్రంథాలయమున భద్రముగ నున్నవి. వాని నుండి యేర్చిన యుద్ధకాలపు లేఖలు 1969లో మూడు సంపుటములుగ వెలువడినవి. సేనాని మరణించిన నూటనాలుగేండ్లకు గాని యా వివాదమున నాతని పక్షము సమగ్రముగ లోకమున కందలేదు. ఆ దేశము గెలిచిన సేనానుల పత్రములతో పాటు ఓడినవాని జాబులను గూడ కాపాడినది. చరిత్ర కీ రెండును కావలయును.

సుబ్బారావు సేనాని కాడు. ఆతని యాయుధము భాష. తెలుగు, కన్నడము, మహారాష్ట్రము, తమిళము, హిందుస్తానీ, పారసీకము, ఆంగ్లము, సంస్కృతము ఆతనికి తెలిసియుండెను. కంపెనీ న్యాయస్థానములలో వాది ప్రతివాదులు దేశభాషలలో మాటలాడిరి. దస్తావేజులును నా భాషలలోనే యుండెను. తీర్పు చెప్పువారు ఆంగ్లేయులు. ఈ రెంటి నడుమ భాషాంతరకర్త నిలిచెను. ఒక మాట యర్థము తప్పినచో నొక కుటుంబము పొలమును గోలుపోవును. అంతటి బాధ్యత గల పని యయ్యును ఆ పని చేసినవాని పేరు తీర్పులో కానరాదు. ఎదుటివారి మాటను పలుకుటయే వృత్తిగా గలవాడు తన మాట పలికిన తావు ఈ యొక్క గ్రంథమే. దీని ప్రధానగౌరవ మిదియే.

ఇట బండితు లొక సందేహము నెత్తవచ్చును. ఎనిమిది భాష లెఱిగినవా డేల తెలుగున వ్రాయలేదు? మాతృభాషయం దభిమానము లేదా? ఈ ప్రశ్న నేటికాలమునకు చేరినది. సుబ్బారావునాటి విద్యావంతునకు భాషలు పనిముట్లవంటివి. కరణమునకు లెక్క లొక భాషలో, నవాబు కచ్చేరికి అర్జీ వేఱొక భాషలో, దేవతార్చన యింకొక భాషలో జరుగుచుండెను. పనికి తగిన భాషను గైకొనుట యాతనికి సహజము. ఉద్యోగచరిత్రను వ్రాయబూనినపు డుద్యోగభాష కలమున కందినది. ఇందు భాషాభిమానము కొఱవడిన దనుట న్యాయము కాదు. ఆతనికి తెలుగుపై లక్ష్యము లేదనుట యంతకంటె నన్యాయము.

ఇందులకు 1820లో నాతడు మదరాసు పాఠ్యపుస్తకసంఘమునకు సభ్యుడుగా సమర్పించిన నివేదికయే ప్రమాణము. నాటి వీథిబడులలో బాలురు గ్రంథములను వల్లెవేయుటయే గాని యర్థ మెఱుగుట లేదని యాతడు చెప్పెను. తేటయైన భాషలో పాఠ్యగ్రంథములు కావలయుననియు, వ్యాకరణము బాలురకు బోధపడునట్లు నేర్పవలయుననియు నాతని యభిప్రాయము. చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడుటకు మూడు దశాబ్దములకు పూర్వమే యొక న్యాయస్థానోద్యోగి యీ మాట లాడుట గమనింపదగినది. తెలుగు బడులలో పనిచేయు పండితులకు ఆతని ఫిర్యాదు పాతబడినట్లు తోచదు. వల్లెవేయుట వేఱు, చదువుట వేఱు అని యాతడు రెండువందల యేండ్ల క్రిందటనే వేఱుచేసి చూపెను.

గ్రంథమున గుణములతో పాటు దోషములును కలవు. ఇందు కథనము ఉద్యోగక్రమము ననుసరించి సాగును. ఒక కచ్చేరి నుండి వేఱొక కచ్చేరికి, ఒక దొర నుండి వేఱొక దొరకు మాఱుటయే ప్రకరణవిభాగ మనదగియున్నది. కావ్యపాఠకుడు వెదకు రసపుష్టి యిట లభింపదు. తెలుగుకవుల ముచ్చట వినగోరువానికి నాశాభంగమే. ఆత్మపరీక్ష కంటె వృత్తాంతనివేదన మెక్కుడు. న్యాయస్థానమున సాక్షి చెప్పునట్లు, జరిగినది జరిగినట్లు చెప్పి యూరకుండుట యాతని రీతి. అయినను ఈ దోషమే యొక గుణమునకు మూలము. కీర్తి కొఱకు వ్రాసిన గ్రంథమున నలంకారమును తీసివేసి నిజమును వెదకవలయును. ఇట నట్టి శ్రమ యక్కఱలేదు.

అంతకంటె పెద్దలోప మొకటి కలదు. బంధువుల యెఱుక కొఱకు ప్రకటించిన గ్రంథ మాంగ్లమున నుండుటచే నా బంధువులలో నెందఱు చదివియుందురు? 1873 నాటికి తెలుగు గృహములలోని స్త్రీలకును, ఊళ్ళలో కరణికము చేసికొను జ్ఞాతులకును ఆంగ్ల మందని భాష. ఎవరి కొఱకు వ్రాయబడెనో వారిలో సగమునకు పైగా దానికి దూరమైయుందురు. ఇంటి కొఱకు వ్రాసినది యింటికిని చేరక, లోకము కొఱకు వ్రాయబడమిచే లోకమునకును చేరక, రెంటి నడుమ నిలిచిపోయెను. పేరు సైతము పాశ్చాత్యుల వ్రాతలో ‘వెన్నెలకుంటి సూబ్ రో’ యని పడుటచే, గ్రంథాలయపట్టికలలో వెదకు తెలుగువానికి సుబ్బారావు కనబడకపోయెను. తెలుగువారిలో నాంగ్లమున స్వీయచరిత్ర రచించిన మొదటివా డని పేర్కొనబడుచున్న వానికి తెలుగులో చోటు దొరకుటకు నూరేండ్లు పట్టినది. అటుపిమ్మట అక్కిరాజు రమాపతిరావు దానిని తెనిగించి యా లోపమును కొంత తీర్చిరి.

ఏనుగుల వీరాస్వామయ్యతో పోల్చి చూచిన నీ విషయము స్పష్టపడును. ఈతడును మదరాసున సుప్రీముకోర్టులో ద్విభాషియే; సుబ్బారావునకు సమకాలికుడే. 1830 మే 18వ తేదీన బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిన కాశీయాత్రను గూర్చి మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్యావహారికపు తెలుగున వ్రాసి పంపెను. ఆ మిత్రుడు 1838లో దానిని గ్రంథముగ ముద్రించెను. 1869లో మఱల నచ్చుపడెను. 1941లో దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించి ప్రకటించిరి. వృత్తి యొకటే, నగర మొకటే, కాల మొకటే. తెలుగున వ్రాసిన జాబులకు మిత్రుడును, ముద్రాపకులును, పరిష్కర్తయును వరుసగ లభించిరి. ఆంగ్లమున వ్రాసిన చరిత్రకు కుమారుడొక్కడు దొరకెను. కాశీయాత్రచరిత్ర గొప్పదగుటచేతనే యిన్నిమాఱు లచ్చుపడె నందురు. అది నిజమే, కాని యెంత గొప్పదియైనను చదువరికి చేరినగదా దాని గొప్పతనము తెలియునది.

ఇట్టి మఱుగుపడిన పత్రములను వెలికితీయువా రీ సీమలో లేకపోలేదు. పెన్నానదీతీరమున సంగమునకు చేరువనున్న మినగల్లులో జన్మించిన బండి గోపాలరెడ్డి ‘బంగోరె’ యను పేరున ప్రసిద్ధుడయ్యెను. నెల్లూరు ‘జమీన్ రైతు’ పత్రికలో పనిచేసిన యీతడు కంపెనీ యుద్యోగియు నిఘంటుకర్తయునగు చార్లెస్ ఫిలిప్ బ్రౌను జాబులను, స్వీయసాహిత్యజీవితమును శ్రమించి ప్రకటించెను. 1892 నాటి మొదటి కన్యాశుల్కమును 1969లో లోకమునకు చూపినవాడు నాతడే. ఏదియు శాశ్వతముగ పోలేదని నమ్మి, పాతపత్రముల నడుమ వెదకుట యాతని పద్ధతి. బ్రౌనునకు బంగోరె లభించెను. సుబ్బారావువంటి వారలకు నట్టివారు మఱికొంద ఱవసరము.

ఈ విచారణమునకు ఫలము సుబ్బారావుతో ముగియదు. సంగమువద్ద పెన్నపై 1880 దశకమున కట్టబడిన ఆనకట్టను గూర్చి ప్రభుత్వపు కాగితములలో నెంతయో కలదు. 2022లో దానికి మాఱుగ ప్రారంభింపబడిన బారేజీని గూర్చియు నట్లే యుండగలదు. ఎన్ని యెకరములకు నీరు పాఱెనో ఆ కాగితములు చెప్పును. ఆ నీరు వచ్చిన యేట నే యింటివారు బిడ్డకు పెండ్లి చేసిరో, ఏ యింటివా రప్పు తీర్చిరో, ఎవరు వలసనుండి తిరిగివచ్చిరో చెప్పవలసినవి యింటి జాబులును జమాఖర్చు పుస్తకములును. 1984లో కరణికము రద్దయిన పిమ్మట కరణముల యిండ్లలోని పాతకవిలెలను కాపాడవలసిన వృత్తికారణము తొలగిపోయినది. ఇంక వానికి రక్షణము చదువరుల ఆసక్తియే.

బడిపండితులకు దీనియందు సులభమైన పని కలదు. ఊరిలో నెవరి యింట పాతజాబు లున్నవో విద్యార్థులచే వెదకింపవచ్చును. యజమానుల యనుమతితో నకలు వ్రాయింపవచ్చును. తేదీయు, వ్రాసినవాని పేరును, ఎవరికి వ్రాసెనో యా విషయమును తప్పక గుర్తింపజేయవచ్చును. వ్రాతలోని తప్పులను దిద్దరాదు. గ్రాంథికముగ మార్చరాదు. వెంకటగోపాలరావు తండ్రి పత్రమును ముప్పదినాలుగేండ్లు భద్రపఱచి ముద్రింపకున్నచో, కంపెనీ న్యాయస్థానమున తెలుగువాని మాటను ఆంగ్లేయుని చెవికి చేర్చిన మనుష్యుని గొంతు మనకు వినబడకయే యుండెడిది. ఆ కుమారుడు పండితుడని యెవరును చెప్పలేదు. అయినను వాఙ్మయచరిత్రకు నాతడు చేసిన మేలు సామాన్యమైనది కాదు. తండ్రి వ్రాతను పాఱవేయకుండుట, సమయము వచ్చినపుడు నలుగురికి చూపుట – ఆతడు చేసిన దింతియే. ఏ యింటివారైనను చేయగల దింతియే.