సగం పేరు చెబితే చాలు
కొత్త పుస్తకం చేతికి రాగానే లైబ్రేరియన్ మేడమ్ అట్ట చూసి వదిలెయ్యరు. విషయసూచిక మీద వేలు జారుస్తూ, ఇది ఎవరికి ఎప్పుడు కావాల్సొస్తుందో ఊహిస్తారు. వెన్ను మీద 894.827 అంటిస్తే డ్యూయీ వర్గీకరణ లెక్కలో తెలుగు సాహిత్యంలో దానికి చోటు కుదిరినట్టే. 'శ్రీశ్రీ' అని వెతికినా, 'శ్రీరంగం శ్రీనివాసరావు' అని వెతికినా ఒకే అరకు చేర్చే ముడి వేసేదీ ఆ చెయ్యే. ఒకప్పుడు ఈ గ్రంథాలయ చదువంటే కేటలాగు కార్డు మీద కుదురైన చేతిరాత. ఇప్పటి విద్యార్థులు కంప్యూటర్ కేటలాగులోని మార్క్ రికార్డులో రచయితకు 100వ గడి, శీర్షికకు 245వ గడి నింపుతూ, కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌తో పాటు కాపీరైటు, పాఠకుల గోప్యత కూడా నేర్చుకుంటున్నారు. పనిముట్లు మారాయి గానీ, పాఠకుడి సమయం వృథా కానివ్వకూడదన్న గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931 నాటి సూత్రం మారలేదు. పోటీపరీక్షల కుర్రాడొచ్చి సగం పేరే చెప్పినా, రెండు నిమిషాల్లో పుస్తకం బల్ల మీదుంటుంది. ఆ రెండు నిమిషాల వెనక ఎంత చదువుందో!