చివరి రాత్రి ఊళ్లోనే

అండమాన్ ప్యాకేజీ కాగితాల్లో చివరి రోజు గడి ఒకసారి చదవండి. 'ఉదయం హావ్‌లాక్ నుంచి బోటు, మధ్యాహ్నం విమానం' అని ఒక్క ముక్కలో తేల్చేసి ఉంటుంది. విమానాశ్రయం దగ్గర లాడ్జిలో ఒక రాత్రి పడుకోవడం దండగ అన్న లెక్క మీద రాసిన కాగితం అది. శంషాబాద్‌లోనో చెన్నైలోనో ఆ లెక్క చెల్లవచ్చు. అక్కడ రాత్రి మజిలీ అంటే రెండు విమానాల మధ్య మిగిలిపోయిన టైము, కాస్త కునుకు తీస్తే సరిపోతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం, జనం నోట మాత్రం పాత పేరే ఇంకా ఆడుతోంది) ఆ రాత్రికి ఒకవైపు పడవ ఉంటుంది, మరోవైపు విమానం. ప్రయాణికుల కోసం ఆగని విమానం, గాలి తగ్గేదాకా కదలని పడవ. ఈ రెండింటినీ ఒకే రోజుకు కట్టడం మొండి ధైర్యం తప్ప మరొకటి కాదు.

2016 డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం పట్టి పడవలు ఆగిపోయినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవుల్లో దాదాపు 1,400 మంది పర్యాటకులు చిక్కుకుపోయారని వార్తలొచ్చాయి. వాళ్లను తీసుకురావడానికి నేవీ ఓడలు కదలాల్సి వచ్చింది. ఆ వాయుగుండమే తర్వాత వర్దా తుపానై చెన్నై మీద పడింది. ఏటా వర్దాలు రావు కదా అంటారు. నిజమే, కానీ పడవ ఆగడానికి తుపానే రానక్కర్లేదు, సముద్రం కాస్త పొంగితే చాలు. ఆ రెండు దీవుల్లో విమానం దిగే రన్‌వే లేదు. పైగా పొద్దు కూడా తొందరగా వాలుతుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, పోర్ట్ బ్లెయిర్ ఉన్నది 92.7 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ 40 నిమిషాలు ముందుంటాడు, డిసెంబరులో సాయంత్రం అయిదింటి ప్రాంతంలోనే అస్తమిస్తాడు. ఉదయం పడవ తప్పితే మరో పడవ వెతుక్కోవడానికి మిగిలే వెలుతురు తక్కువ. బోటు వాళ్లు టికెట్ డబ్బులు వాపసు ఇస్తారేమో, విమానం కంపెనీకి ఆ గొడవతో సంబంధం లేదు. రెండు టికెట్లూ వేర్వేరు బేరాలు.

దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లు ఇలాంటి కాగితం రాసుకోరు. ఉత్తరాన డిగ్లీపూర్ మనిషి చెన్నై ఆసుపత్రికి వెళ్లాలంటే ముందు పోర్ట్ బ్లెయిర్ చేరాలి. తెల్లవారకముందే బస్సెక్కాలి, మిడిల్ స్ట్రెయిట్‌లో బస్సుతో పాటే ఫెర్రీ ఎక్కి పాయ దాటాలి, జారవా ఆదివాసుల అడవి దారిలో వాహనాల కాన్వాయ్ వదిలే వేళ కోసం కాచుకోవాలి. దానికే రోజంతా పోతుంది. దక్షిణాన క్యాంప్‌బెల్ బే వాళ్లకైతే 500 కిలోమీటర్లకు పైగా సముద్రమే. అందుకని ఒక రోజు ముందే వచ్చి, బావగారింట్లోనో పిన్నిగారింట్లోనో చాప పరుచుకుని పడుకుని, తెల్లారి విమానాశ్రయానికి వెళతారు. 2011 జనగణన లెక్కన దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు వీళ్లలో ఎన్నో. విశాఖ ఓడలో రెండు రోజులకు పైగా బంకు మీద గడిపినవాళ్లకు, ఓడ తేదీ మారితే మళ్లీ మూట విప్పుకున్నవాళ్లకు, ఒక రాత్రి ఆగడం ప్రయాణంలో భాగమే. పర్యాటకులు చూడాల్సినవాటి జాబితాలో సెల్యులార్ జైలుతో పాటు ఈ అలవాటును కూడా చేర్చుకుంటే బాగుండును.

కాలం మారిందనేవాళ్లున్నారు. 2023 జులైలో కొత్త టెర్మినల్ వచ్చింది, 2024 నవంబరులో కౌలాలంపూర్‌కు ఎయిర్ ఏషియా విమానం మొదలైంది, ఇంకా ఈ పాత భయాలేమిటని వాళ్ల ప్రశ్న. బాగుపడింది విమానాశ్రయం. హావ్‌లాక్ రేవు దగ్గర అల ఎత్తు తగ్గలేదు కదా!

అంతకన్నా గట్టి అభ్యంతరం డబ్బుది. ఉద్యోగుల సెలవు ప్రయాణ రాయితీ (ఎల్‌టీసీ) మీద వచ్చే నలుగురి కుటుంబానికి అదనపు రాత్రి గది బరువే. అయితే ఆ రాత్రి చాలామందికి అదనం కాదు. ప్యాకేజీల్లో పోర్ట్ బ్లెయిర్ రాత్రి ఎలాగూ ఉంటుంది, కాకపోతే దాన్ని మొదట పెడతారు. పొద్దున విమానం దిగినవాళ్లు అదే రోజు మధ్యాహ్నం బోటులో హావ్‌లాక్ వెళ్లిపోయి, ఊళ్లోని జైలునూ అబర్దీన్ బజారునూ చివరికి ఉంచుకుంటే రాత్రుల లెక్క మారదు. వెళ్లేటప్పుడు పడవ ఆగితే పోయేది హావ్‌లాక్‌లో ఒక గది అద్దె. వచ్చేటప్పుడు ఆగితే నలుగురి విమానం టికెట్లూ పోతాయి, అప్పటికప్పుడు కొత్తవి కొనాలి. మధ్యాహ్నం తర్వాత దిగేవాళ్లకు ఈ సర్దుబాటు కుదరదు, ఒప్పుకుంటాను. వాళ్లు మొదట ఒక రాత్రి, చివర ఒక రాత్రి ఊళ్లో ఉండి, హావ్‌లాక్‌లో ఒకటి తగ్గించుకోవాలి. ఏజెంటు ఒప్పుకోకపోతే, బోటు ఆగిన రోజు విమానం టికెట్ల ఖర్చు తనే భరిస్తానని రాసిమ్మనండి.