వడ్డీలేని కార్డు : పేరు, పత్రము, ధర్మము

అరసవల్లి పేరు వినగానే ఎవరికైనా సూర్యదేవాలయం గుర్తుకు వస్తుంది. కాని ఆ ఊరిని తనలో కలుపుకొన్న శ్రీకాకుళానికి మరొక చరిత్ర కూడా ఉన్నది. కుతుబ్‌షాహీల కాలంలోను, ఆ తరువాత నిజాముల కాలంలోను అది షికాకోల్ సర్కారుకు ముఖ్యపట్టణం. బాకీ, జమ, వసూలు, రసీదు, వాయిదా - ఇలాంటి పట్టణాల కచేరీలలో, అంగళ్ళలో వాడబడి తెలుగులో స్థిరపడిపోయిన మాటలివి. వీటిలో 'వాయిదా' అన్నది అరబ్బీ మూలం గలది. దాని అసలు అర్థం 'మాట ఇచ్చుట', 'వాగ్దానము'. నేడు అదే పట్టణంలో రిఫ్రిజిరేటరో, బట్టలుతికే యంత్రమో కొనబోయిన ముస్లిం గృహస్థుని ఎదుట నిలుస్తున్నది 'వాయిదా' కాదు, 'నో కాస్ట్ ఇ.ఎమ్.ఐ.' అనే మాట. 'వడ్డీ లేదు, ఖర్చు లేదు, కార్డు ఉంటే చాలు' అని అంగడివారు చెప్తారు. ఏ కార్డు మేలో ఎంచుకొనమని సలహాదారులు చెప్తారు. ఆ మాట ఎంతవరకు నిజం? షరీఅత్ దృష్టిలో దాని స్థానమేమిటి? ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా పరిశీలించవలసి ఉన్నది.

మొదట లెక్క చూడాలి. అరసవల్లిలోని ఒక కుటుంబం 36,000 రూపాయల రిఫ్రిజిరేటరును నెలకు 3,000 చొప్పున పన్నెండు వాయిదాలలో కార్డు మీద కొన్నదనుకోవచ్చు. పన్నెండు మూళ్ళు ముప్పదియారు. కనుక వడ్డీ లేనట్లే కనిపిస్తుంది. కాని బ్యాంకు పత్రం మరొక కథ చెప్తుంది. సంవత్సరానికి నూటికి 16 వడ్డీ అనుకుంటే, బ్యాంకు ఇచ్చిన అప్పు దాదాపు 33,065 రూపాయలు. దానిపై వడ్డీ 2,935 రూపాయలు. ఈ 2,935 రూపాయలను అంగడివారో, తయారీదారులో 'తగ్గింపు' పేరుతో ముందే మినహాయిస్తారు. అంటే వడ్డీ లేకపోలేదు; దానిని మరొకరు భరించినట్లు చూపబడింది. అంతటితో ఆగదు. ఆ వడ్డీపై 18 శాతం జి.ఎస్.టి. 528 రూపాయలు కొనుగోలుదారే చెల్లించాలి. బ్యాంకు 199 రూపాయల రుసుము కూడా వసూలు చేస్తే పన్నుతో అది 235 అవుతుంది. మొత్తం 36,763 రూపాయలు. అదే అంగడిలో రొక్కమిచ్చే వానికి ఆ వస్తువును 34,000 కు ఇచ్చే పక్షంలో, 'ఖర్చు లేని' కొనుగోలుకు అయిన ఖర్చు 2,763 రూపాయలు!

ఇది ధర్మపండితులు మాత్రమే చేసే ఆక్షేపణ కాదు. భారత రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే, సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదనీ, ఇలాంటి పథకాలలో వడ్డీని రుసుముల చాటున దాచి కొనుగోలుదారుపై మోపుతున్నారనీ బ్యాంకులకు స్పష్టం చేసింది. 2022 ఏప్రిల్‌లో కార్డులను గురించి జారీచేసిన ఆదేశాలలో మరొక అడుగు ముందుకు వేసింది. కొనుగోలును వాయిదాలుగా మార్చే ముందే అసలెంత, వడ్డీ ఎంత, తగ్గింపు ఎంత అన్నది విడివిడిగా చూపాలన్నది. వడ్డీ గల వాయిదాలను వడ్డీలేనివిగా మభ్యపెట్టరాదన్నది. ధర్మప్రసక్తి లేని ఒక లౌకిక సంస్థయే ఆ మాటను శంకించినపుడు, ధర్మనిష్ఠ గలవాడు దానిని గుడ్డిగా నమ్మటం ఎలా తగును?

ఇక్కడ ఒక సందేహం సహజంగా పుడుతుంది. అంగడివాడే నేరుగా ఆ వస్తువును పన్నెండు నెలల వాయిదాలకు 36,000 కు అమ్మితే అది ధర్మసమ్మతమని పండితులంటారు. కార్డు మీద కొన్నా చెల్లించేది దాదాపు అంతే. అంకె ఒకటే అయినపుడు ఒకటి హలాల్, మరొకటి హరామ్ ఎలా అవుతుంది? ఇది నేటి ప్రశ్న కాదు. వ్యాపారమూ వడ్డీ వంటిదే కదా అని వాదించిన వారి ప్రస్తావన దివ్యఖుర్ఆన్‌లోనే, బఖరా సూరా 275వ ఆయత్‌లో ఉన్నది.

సమాధానం అంకెలో లేదు, ఒప్పందంలో ఉన్నది. అమ్మకంలో వస్తువుకు ధర ఒకసారి నిర్ణయమైపోతుంది. కొనువాడు ఆలస్యం చేసినా ఆ ధర పెరగదు. అప్పులో డబ్బుకు బదులు డబ్బు వస్తుంది. కాలం గడిచిన కొద్దీ అది పెరుగుతుంది. 1990 మార్చిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ వాయిదా అమ్మకాలను గురించి ఇచ్చిన తీర్మానం ఈ భేదాన్నే నిలబెట్టింది. రొక్కం ధరకన్న వాయిదా ధర ఎక్కువగా ఉండవచ్చును. కాని రెండింటిలో ఏదో ఒకటి ఒప్పందం నాడే ఖాయం కావాలి. కాలాన్ని బట్టి వడ్డీని విడిగా వ్రాయరాదు. ఆలస్యమైనందుకు బాకీపై అదనం వసూలు చేయరాదు.

ఈ గీటురాయిపై పెడితే 'నో కాస్ట్' పత్రం నిలువదు. అందులో వడ్డీ విడిగా వ్రాయబడి ఉన్నది. రిజర్వు బ్యాంకు కోరిన నిజాయితీ వలననే ఆ వడ్డీ బయటపడినదనటం విచిత్రమైనా సత్యం. ఇక ఆలస్యం సంగతి. అనేక కార్డులపై బాకీ నిలిచిపోతే నెలకు నూటికి మూడున్నర రూపాయల వరకు వడ్డీ పడుతుంది. అంటే సంవత్సరానికి 42 రూపాయలు. నూటికి రూపాయి వడ్డీని 'ధర్మవడ్డీ' అనీ, మూడు రూపాయలంటే గుండె గుభేలుమనీ చెప్పుకొనే పల్లెల వారు, అంతకు మించిన వడ్డీని అందమైన కార్డు వెనుక గుర్తించలేకపోతున్నారు. సంవత్సరానికి 30 శాతం మించి వసూలు చేయటం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పినప్పటికీ, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కనుక ఆ హద్దు కూడా లేదు.

మరి వాయిదాల జోలికి పోకుండా, గడువులోగా మొత్తం చెల్లించే వాని మాటేమిటి? సాధారణంగా కార్డులకు 20 నుండి 50 రోజుల వరకు వడ్డీలేని గడువు ఉంటుంది. ఈ విషయంలో పండితులందరిదీ ఒకే మాట కాదు. 2000 సెప్టెంబరులో రియాద్‌లో జరిగిన ఫిఖ్‌హ్ అకాడమీ సమావేశం, వడ్డీ షరతు గల కార్డును, గడువులో చెల్లించే ఉద్దేశం ఉన్నా, వాడరాదన్నది. వడ్డీకి అంగీకరిస్తూ సంతకం చేయటమే తప్పని దాని వాదం. కొందరు పండితులు అవసరాన్ని బట్టి, వడ్డీ పడే అవకాశమే లేకుండా ఏర్పాటు చేసుకొన్నవానికి అనుమతి ఇచ్చారు. ఈ రెండవ అభిప్రాయాన్ని అనుసరించేవారు దాని షరతును కూడా అనుసరించాలి. గత నెల బిల్లు పూర్తిగా తీరకపోతే ఆ గడువే రద్దవుతుంది. రొక్కం తీసుకొంటే గడువే ఉండదు. నెలజీతం పన్నెండు వేలున్నవాడు ముప్పదియారు వేల బిల్లును ఏబది రోజులలో తీర్చగలననటం సంకల్పం కాదు, ఆశ మాత్రమే.

కనుక 'ఏ కార్డు ఎంచుకోవాలి?' అన్న ప్రశ్నలోనే లోపమున్నది. వరుసపెట్టి కార్డులను పోల్చి, గడువు పొడవును, బహుమతి పాయింట్లను లెక్కించే సలహాలన్నీ కొనేవాడు తప్పకుండా గడువులో చెల్లిస్తాడన్న ఊహపై నిర్మించబడినవి. ఆ ఊహ తప్పిన నాడు ఆ సలహాదారు పక్కన ఉండడు. అడగవలసిన ప్రశ్న ఇది: ఈ వస్తువు ఇప్పుడే అవసరమా? అవసరమైతే, బాకీ పెరగని ఒప్పందం ఏది?

విమర్శించి ఊరుకొంటే ప్రయోజనం లేదు. ఎండాకాలంలో పసిబిడ్డల పాలు విరిగిపోతున్న ఇంటి ఇల్లాలికి రిఫ్రిజిరేటరు విలాసం కాదు. ఆమెకు మార్గం చూపని ఫత్వా సగమే. మొదటి మార్గం, తెలిసిన అంగడివానితోనే ధర ఖాయం చేసుకొని వాయిదాలకు కొనటం. ఆలస్యానికి అదనం లేదని కాగితంపై వ్రాయించుకోవటం. బాకీని వ్రాసుకొనమని ఆదేశించే బఖరా 282వ ఆయత్ ఖుర్ఆన్ మొత్తంలో అతి దీర్ఘమైనదన్న సంగతి ఊరకనే మరచిపోదగినది కాదు. రెండవది, పాటలేని చీటీ: బంధువులో, ఒకే వీధివారో నెలనెలా సమానంగా వేసుకొని, కోత లేకుండా వంతులవారీగా ఎత్తుకొనేది. వేలంపాటతో నడిచే చీటీ ఇందుకు పనికిరాదు. మూడవది, కర్జె హసన సంఘం. ఇది గాలిలో మేడ కాదు. హైదరాబాదులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా, ఇస్లామీ ఆర్థిక విధానానికి హైదరాబాదు చేసిన సేవను గురించి 1955లోనే ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించిన అన్వర్ ఇక్బాల్ ఖురైషీ వడ్డీ సిద్ధాంతంపై గ్రంథమే వ్రాశారు. ఆ ఆలోచన పుట్టిన తెలుగుగడ్డ మీదనే ఒక జమాఅత్ తన మస్జిద్ ఆవరణలో పదిమంది ఇళ్ళకు సరిపడే నిధిని సమకూర్చలేకపోవటం సిగ్గుపడదగిన విషయం.

కార్డును నిందించటం సులభం. కాని అవసరంలో ఉన్న పొరుగువానికి ముప్పది వేలు చేబదులు ఇచ్చేవాడు వీధిలో లేనపుడే కార్డు ఇంటి తలుపు తడుతుంది. ఇచ్చిన చేబదులును మాట ప్రకారం తీర్చేవారు కరువైనపుడే ఇచ్చే చేతులు ముడుచుకొంటాయి. తప్పు ఇద్దరిదీ. 'వాయిదా' అన్న మాటకు దాని అసలు అర్థం తిరిగి వచ్చిననాడు 'నో కాస్ట్' అనే మాటతో పని ఉండదు.