అపరాధ పరిశోధన చిత్రం – ప్రేక్షకుని అసంతృప్తి: ‘హిట్: ద ఫస్ట్ కేస్’ ముగింపు – పరిశీలన

ఉపోద్ఘాతం

అపరాధ పరిశోధన తెలుగువారికి కొత్త ప్రక్రియ కాదు. తొలినాళ్ల బెంగాలీ అనువాదాల మొదలు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నవలల వరకు సాగిన పఠనానుభవం తెలుగు పాఠకునికి ఒక అలవాటు నేర్పింది. ప్రతి పాత్రనూ అనుమానించడం, ప్రతి వస్తువునూ ఆనవాలుగా భావించడం ఆ అలవాటు. నేటి ప్రేక్షకుడు ఆ దృష్టితోనే పరిశోధన చిత్రాన్ని చూస్తాడు. కనుక అతని అసంతృప్తిని కేవలం అభిరుచి భేదంగా కొట్టివేయడం తగదు. అది కథానిర్మాణంలోని లోపాన్ని సూచించే సాక్ష్యం కావచ్చు. 2020లో శైలేష్ కొలను దర్శకత్వంలో వచ్చిన ‘హిట్: ద ఫస్ట్ కేస్’ ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు ఫిర్యాదులు

నిరాశపరచిన పరిశోధన చిత్రాల గురించి సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. హంతకుడెవరో ముందే తెలిసిపోయిందన్నది మొదటిది. హంతకుణ్ణి ఎక్కడినుంచో తెచ్చి నిలబెట్టారన్నది రెండవది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. మొదటిదానిలో ఆనవాళ్లు ఎక్కువయ్యాయి, రెండవదానిలో లోపించాయి. కాని రెండు సందర్భాల్లోనూ ప్రేక్షకుడు కోల్పోయింది ఒక్కటే: పరిశోధకునితో పాటు ఆలోచించే అవకాశం.

భారతీయ నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇది బీజానికీ నిర్వహణ సంధికీ మధ్య తెగిన సంబంధం. ముఖసంధిలో నాటిన బీజం తక్కిన సంధులలో వ్యాపించి నిర్వహణంలో ఏకప్రయోజనాన్ని పొందాలని లాక్షణికులు చెప్పారు. నిర్వహణంలో అద్భుత రసం ఉండాలని భరతుడు విధించాడు. అంటే ముగింపు విస్మయం కలిగించాలి, ఆ విస్మయం మొదట నాటిన విత్తనం నుండే పుట్టాలి. పరిశోధన కథకు ఇంతకంటె తగిన నిర్వచనం దొరకదు.

నియమం – ఉల్లంఘన

1928లో వాన్ డైన్ ప్రకటించిన ఇరవై నియమాలలో, పరిశోధకుడు గాని అధికారిక పరిశోధక బృంద సభ్యుడు గాని నేరస్థుడు కారాదన్నది ఒకటి. ‘హిట్’ ఈ నియమాన్ని అతిక్రమించింది. ఇందులో నేరస్థుడు రోహిత్ కథానాయకుడు విక్రమ్‌కు సహోద్యోగి, నమ్మిన మిత్రుడు. అయితే ఉల్లంఘన దానంతట అది దోషం కాదు. 1926లోనే అగాథా క్రిస్టీ ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’ నవలలో కథకుణ్ణే హంతకునిగా నిలిపింది. కొందరు దాన్ని మోసమన్నా, ఆ నవల నిలిచింది. రెండవసారి చదివినప్పుడు కథకుడు దాటవేసిన చోట్లు స్పష్టంగా కనిపించడమే అందుకు కారణం. కాబట్టి నియమపాలన కంటె పునఃపఠనంలో నిలవడమే సరైన కొలమానం.

‘హిట్’ – సాధించినది, మిగిల్చినది

హైదరాబాద్ బాహ్యవలయ రహదారిపై ప్రీతి అనే యువతి అదృశ్యం కావడంతో కథ మొదలవుతుంది. ఆమెను చివరగా చూసిన పోలీసు అధికారి ఇబ్రహీం, పొరుగింటి షీలా వరుసగా అనుమానితులవుతారు. ఈ భాగంలో పరిశోధన క్రమం, విక్రమ్ మానసిక వేదన కలిసి నడుస్తాయి. చిత్రం పొందిన ఆదరణకు ఈ బిగువు ప్రధాన కారణమని చెప్పవచ్చు.

చిక్కు చివరి ఘట్టంలో వస్తుంది. ఎవరు చేశారన్న ప్రశ్నకు సమాధానం పరిశోధన ద్వారా లభిస్తే, ఎందుకు చేశారన్న ప్రశ్నకు సమాధానం ప్రధానంగా వివరణ ద్వారా లభిస్తుంది. మొదటిదానిలో ప్రేక్షకుడు భాగస్వామి, రెండవదానిలో కేవలం శ్రోత. నేరానికి చూపిన హేతువు బలహీనంగా ఉందన్న అభిప్రాయం ఇక్కడినుంచే పుట్టింది. నిజానికి హేతువు బలహీనమా కాదా అన్నది తరువాతి మాట. దాన్ని తూచి చూసే వ్యవధి ప్రేక్షకునికి దక్కలేదు.

రెండవ లోటు విక్రమ్ గతానికి సంబంధించినది. అగ్నితో ముడిపడిన ఒక విషాదం అతణ్ణి వెంటాడుతుందని చిత్రం పదేపదే సూచిస్తుంది. కాని ఆ ముడి విప్పకుండానే కథ ముగుస్తుంది. 2022లో వచ్చిన రెండవ చిత్రం వేరొక నాయకుణ్ణి, వేరొక నేరాన్ని స్వీకరించింది. నాటిన బీజం మొలకెత్తక మిగిలిపోయింది.

2019 నాటి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ను దీనితో పోల్చడం ప్రయోజనకరం. అందులోనూ నాయకునికి ఒక వ్యక్తిగత దుఃఖం ఉంది, అది తల్లి మరణం. మొదట అది పాత్ర నేపథ్యంగా మాత్రమే తోస్తుంది. పట్టాల పక్కన దొరికే అనాథ శవాల రహస్యం విడినప్పుడు ఆ దుఃఖం కూడా ఆ నేరంలో భాగమేనని తేలుతుంది. హాస్యప్రధానంగా నడిచిన కథకు చివర గాంభీర్యం అబ్బడానికి ఈ అనుసంధానమే మూలం.

ముగింపు

ప్రేక్షకుని అసంతృప్తి ఎల్లప్పుడూ న్యాయమైనది కాకపోవచ్చు. తాను ఊహించిన హంతకుడు కానందుకు అలిగేవారూ ఉంటారు. అయినా ‘హిట్’ విషయంలో వచ్చిన ఆక్షేపణలకు నిర్మాణపరమైన ఆధారం ఉంది. ఆ చిత్రం ప్రశ్నలను శ్రద్ధతో నాటింది. సమాధానాలలో కొన్నింటిని మాటల్లో చెప్పి, కొన్నింటిని వాయిదా వేసింది. వరుస చిత్రాల పద్ధతి బలపడుతున్న ఈ కాలంలో ఈ వాయిదా తెలుగు పరిశోధన చిత్రానికి అలవాటుగా మారే ప్రమాదం ఉంది. తరువాతి చిత్రానికి ఆసక్తి మిగల్చడం వేరు, ప్రస్తుత చిత్రం రుణం మిగల్చడం వేరు. ఈ తేడాను ప్రేక్షకుడు శాస్త్రం చదవకుండానే గుర్తించాడు.