మ్యూజియమునందలి తెలుగు పాఠము

చెన్నపట్టణపు జనులు ఎగ్మూరు మ్యూజియమును ఒకప్పుడు ‘చచ్చిన కాలేజీ’ యనియు, జంతుశాలను ‘బ్రతికిన కాలేజీ’ యనియు పిలిచెడివారు. హాస్యమునకు బెట్టిన పేరైనను అందొక విమర్శ గలదు. 1851లో వెలసిన ఆ శాలకు నేటికిని బడిపిల్లలు వరుసలు గట్టి పోవుచున్నారు. పోయి చేయున దేమి? ఒక్క పూటలో నాణెములు, కంచు విగ్రహములు, తిమింగిలపు అస్థిపంజరము, ఆయుధములు అన్నియు గాంచి, ఫలకములమీది వ్రాతను నోటు పుస్తకముల కెక్కించుకొని యిల్లు చేరుదురు. మరునాడు ‘విహారయాత్ర’ యను వ్యాసము వ్రాయింపబడును. అందు బస్సును గూర్చియు పులిహోరను గూర్చియు నున్నంత, చూచిన వస్తువులను గూర్చి యుండదు. దోషము పిల్లలది కాదు. ఏది చూడవలెనో వారికెవరును జెప్పియుండలేదు.

తెలుగు పాఠశాలల విషయమున ఈ నష్టము మరింత పెద్దది. 2006 నాటి చట్టము తమిళనాట తమిళమును నిర్బంధ ప్రథమభాషగా జేసిన పిమ్మట తెలుగు ఐచ్ఛికముల వరుసకు జరిగినది. తమిళము నేర్చుట మేలే. ఇచ్చట బ్రదుకవలసిన బిడ్డకు అది యవసరము. కాని మిగిలిన కొలది గంటలలో ఒక దినము మ్యూజియమునకు ధారపోసినప్పుడు, ఆ దినమున తెలుగు నోట బలుకకయే బిడ్డ తిరిగివచ్చుట సహింపరానిది.

ఆ శాలలోని అమరావతీ శిల్పములలో ఒక గుండ్రని ఫలకము గలదు. దేవదత్తుని ప్రేరణచే మదించిన నాలగిరి యను ఏనుగు రాజగృహపు వీథిలో బుద్ధునిపైకి దూకిన కథ అందు చెక్కబడినది. ఒక వైపు ఏనుగు జనులను దొక్కుచున్నది. వీథిలోనివారు బెదరి ఒదుగుచున్నారు. పైనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. మరియొక వైపు అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. ఒకే వృత్తమున ఒకే యేనుగు రెండుమారులు! నడుమ గీత లేదు. తెలుగు వాక్యమును అట్లే నడచును గదా: పరుగెత్తివచ్చి, తొక్కి, విసరి, తుదకు మోకరిల్లినది. క్త్వార్థకమును బోధించుటకు ఇంతకన్న తగిన నల్లబల్ల దొరకదు. తమిళ తరగతిలో వినైయెచ్చమును నేర్చిన బిడ్డకు ఇది క్షణములో దెలియును. మావటి, అంకుశము, తొండము, మేడ, గవాక్షము మొదలగు మాటలు పుస్తకమున అర్థతాత్పర్యములుగా మిగిలిపోవును. ఇచ్చట కంటి యెదుట నిలిచి పేరడుగును. పదిమంది పిల్లలచే పదివిధములుగా ఆ కథ జెప్పించిన, గంట చాలదు. కావున ఒక్క రాయి చాలును. తక్కిన శాల మరియొక యేటికి.

కొందరు ఉపాధ్యాయు లిందుకు బదులుగా ‘ఇవన్నియు మన తెలుగువారివే’ యని గర్వోపన్యాస మొకటి చేసి ముగింతురు. అది పాఠము కాదు. ఆ శిల్పములపైని శాసనములు బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో నున్నవి. అమరావతీ శిలాశకలముపై వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన ‘నాగబు’ తొలి తెలుగు పదమని పలువు రందురు. అది విడి మాట కాదు, పెద్ద పేరులోని ముక్క యని వాదించినవారును గలరు. ఈ వాదము పిల్లల యెదుట బెట్టుటకు వెఱవనక్కఱలేదు. పై తరగతులవారు దానిని ఇష్టముగా విందురు. పాలరాయి యని వాడుకైనను అది పలనాటి సున్నపురాయి. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన క్రొత్త పట్టణమునకు రాళ్లు తీయించుచుండగా 1797లో మెకంజీ ఆ దిబ్బను జూచెను. 1845లో ఎలియట్ త్రవ్వించిన ఫలకములు చెన్నపురి చేరెను. అందు పెక్కులు 1859లో లండనునకు దరలెను. మనవారే తీయించిరి, పరులే కొనిపోయిరి అను రెండు మాటలను ఒక్క యూపిరిలో జెప్పుట న్యాయము.

హోసూరు ప్రాంతపు బడులకు చెన్నపురి దూరము, ఖర్చు. వారికి ధర్మపురి మ్యూజియమునందలి వీరగల్లులు గలవు. ఎవరు పడెను, చేత నేమున్నది, ఎదుటివా డెవడు అని ప్రశ్నించుచు అదే పని అచ్చటను చేయించవచ్చును.

ఎచ్చటి కేగినను ఉపాధ్యాయుడు వారము ముందుగా ఒంటరిగా బోయి రావలెను. ఏ రాతి యెదుట నలుబదిమంది నిలువగలరో, ఏ వేళ వెలుగు చాలునో చూచుకొనవలెను. ఎగ్మూరు మ్యూజియమునకు శుక్రవారము సెలవు.