అవ్వకు తెలుగులో చెప్పిన కల్కి

సాత్తూరు పక్క మా ఊర్లో, మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉండేది. దాంట్లో ‘పొన్నియిన్ సెల్వన్’ అయిదు భాగాలు. అచ్చు పుస్తకాలు కావు, ‘కల్కి’ వారపత్రికలోంచి వారం వారం చింపి, మా చిన్నత్త దారంతో కుట్టి అట్ట వేయించినవి. మా అవ్వకు అరవం అర్థమయ్యేది గానీ చదవను రాదు. తెలుగు మాట్లాడేది, అదీ చదవను రాదు. నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు సాయంత్రం ఒక అధ్యాయం అరవంలో చదువుకొని, రాత్రికి అవ్వకు మన ఇంటి తెలుగులో చెప్పేవాణ్ణి. కల్కి బలమేమిటో, లోటేమిటో నాకు తెలిసింది ఆ చెప్పడంలోనే.

కల్కి అసలు పేరు కృష్ణమూర్తి. 1899లో మాయవరం దగ్గర పుట్టినాడు. సహాయ నిరాకరణ ఉద్యమంలో బడి మానుకొని జైలుకు పోయినాడు. తిరు.వి.క. నడిపిన ‘నవశక్తి’లో పని నేర్చినాడు. రాజాజీ తిరుచెంగోడు ఆశ్రమం నుంచి తెచ్చిన మద్యనిషేధ పత్రిక ‘విమోచనం’లో చెయ్యి వేసినాడు. ఆ తరువాత ఎస్.ఎస్. వాసన్ ‘ఆనంద వికటన్’కు ఎడిటర్. మొదటి సీరియల్ నవల ‘కళ్వనిన్ కాదలి’ 1937లో అక్కడే వచ్చింది. అంటే నవలాకారుడు అయ్యేటప్పటికే ఆయన చాలా ఏండ్లు పత్రికలో నలిగినవాడు. వికటన్ వదిలి, మళ్ళీ జైలుకు పోయి వచ్చి, 1941లో సదాశివంతో కలిసి సొంతంగా ‘కల్కి’ పెట్టినాడు. దానికి డబ్బు కావలసి ఎం.ఎస్. సుబ్బలక్ష్మి ‘సావిత్రి’ సినిమాలో నారదుడి వేషం వేసింది. ఆ సినిమా తీసిన వై.వి. రావు మన నెల్లూరు మనిషి. ఈ సంగతి మనవాళ్ళలో చానా మందికి తెలీదు.

ఎడిటర్ నవల రాస్తే ఏమవుతుందో ‘పొన్నియిన్ సెల్వన్’ మొదటి పేజీలోనే కనపడుతుంది. ఆడి పెరుక్కు నాడు వీరనారాయణ ఏరి గట్టు మీద వందియదేవుడు గుర్రం మీద వస్తుంటాడు. కల్కి మన భుజం పట్టుకొని, ఇట్లా రండి చూపిస్తాను అన్నట్టు పిలుస్తాడు. వచ్చే వారం వరకు చదివేవాడు పత్రికను మరిచిపోకూడదు, ఆయన లెక్క అది. 1950 నుంచి 1954 దాకా మూడున్నర ఏండ్లు ఆ లెక్క తప్పలేదు. అధ్యాయం చివర ఎవరో తలుపు తడతారు, లేకపోతే చీకట్లో కత్తి మెరుస్తుంది. నేను చెప్పడం అక్కడ ఆపితే అవ్వ ఒప్పుకొనేది కాదు. “ఇంక కొంచెం చెప్పురా, నాకు నిద్ర పట్టదు” అనేది.

లోటు కూడా ఆ లెక్కలోనే ఉంది. కావలసినప్పుడంతా కావలసిన మనిషి దారిలో ఎదురవుతాడు. చెట్టు చాటున, గోడ వెనక ఎవరో ఒకరు వింటానే ఉంటారు. ఆళ్వార్కడియాన్ ఎన్నిసార్లు అట్లా ప్రత్యక్షమైనాడో! వారానికొకటి చదివితే తెలీదు. ఒక్క బిగిన చదివితే తెలుస్తుంది.

కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే. సముద్రం ఒడ్డున పడవ నడిపే పూంకుళలి, పళైయారై అంతఃపురంలో కుందవై, ఇద్దరూ ఒకటే అరవం మాట్లాడతారు. కడిగి ఆరేసిన అరవం. పత్రిక కోయంబత్తూరులోనూ తిరునెల్వేలిలోనూ అమ్ముడుపోవాల. ఏ ఊరి యాసా లేకపోతే అన్ని ఊర్లకూ పనికొస్తుంది. ఎడిటర్‌గా ఆయన చేసింది సరే. నవలాకారుడిగా పెద్ద నష్టం. అవ్వకు చెప్పేటప్పుడు ఆ నష్టం నేను పూడ్చినాను, తెలియకుండానే. పూంకుళలికి మా వీధి చివర చేపలమ్మే ఆమె గొంతు పెట్టినాను. కుందవైకి మాత్రం మాట దొరకలేదు. రాజకుమారి ఎట్లా మాట్లాడుతుందో మన ఇంటి తెలుగుకు తెలీదు గదా! చివరికి మా పెద్దత్త లాగా మాట్లాడించినాను. అవ్వ నవ్వింది.

మా పక్క ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, రాసింది అరవం. కానీ కరిసల్ నేల మాటలు ఏరి నిఘంటువే చేసినాడు. ఆయన ‘గోపల్లపురత్తు మక్కళ్’లో మన వలస జనం మాట్లాడతారు. కల్కి ఉన్న చోట ఆ గొంతులకు చోటు లేదు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదివినాకే నాకు ఇది స్పష్టమైంది.

తమిళ ఇసై గొడవ కూడా చెప్పాల. కల్కి ‘కర్ణాటకం’ అనే పేరుతో వికటన్‌లో కచేరీల మీద రాసేవాడు. 1940లలో కచేరీలో తమిళ పాటకు ముఖ్య స్థానం కావాలని రాజాజీ, టి.కె.సి. లతో పాటు గట్టిగా వాదించినాడు. వినేవాడికి అర్థం తెలియాల అన్నది ఆ వాదం. కాలేజీ రోజుల్లో అది చదివి నాకు మండింది. త్యాగరాజు మన భాషలో పాడినాడు, ఈయనకేం బాధ అనుకొన్నాను. ఇప్పుడు కోపం లేదు. తిరువైయారులో కావేరి ఒడ్డున పుట్టిన తెలుగు పాట విని, ఆ తెలుగు మాటలకు మా ఇంట్లో ఎంతమందికి అర్థం తెలుసు? కల్కి తన భాష కోసం అడిగినాడు. ఆ ప్రశ్న మన ఇంటి తెలుగు కోసం మనం ఎప్పుడైనా అడిగినామా?

ఇంకొక ఫిర్యాదు ఉంది, అది కొంచెం స్వార్థం. నవల ఉత్తమ చోళుడి పట్టాభిషేకంతో ఆగిపోతుంది. రాజరాజు పాలన, ఆయన కూతురు కుందవై (మేనత్త పేరే పెట్టినారు) వేంగి విమలాదిత్యుణ్ణి పెండ్లాడడం, వాళ్ళ కొడుకు రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రిలో నన్నయ్యకు ఆశ్రయమివ్వడం, అంతా ఆ తరువాతి కథ. తెలుగు కావ్యం పుట్టిన కొలువులో చోళ రక్తం ఉంది. కల్కి ముడివిప్పని సంగతులకు చివర ముగింపు మాటల్లో జవాబులు చెప్పినాడు గానీ, ఆ దారి ఆయన నవల కాలేదు. ముగించిన ఆ ఏడే, 1954 డిసెంబరు 5న పోయినాడు. ‘అలై ఓసై’కి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ఆ తరువాత, 1956లో.

ఆదిత్య కరికాలుణ్ణి చంపింది ఎవరో కల్కి తేల్చి చెప్పడు. అవ్వకు అది నచ్చలేదు. పూంకుళలి చివరికి చోళ రాణి అవుతుంది, అదీ నేను ఒక రాత్రి చెప్పేసినాను. అవ్వ వక్క నములుతా కొంచెం సేపు ఊరుకొని, “రాణి అయినాక కూడా ఆ పిల్ల మన చేపలామె మాదిరే మాట్లాడిందా రా?” అని అడిగింది.

నేను పుస్తకం తిప్పి చూసినాను.